నాన్న చెవిలో నా పూస

పదో రోజు

కాబట్టి నిన్న సగంలో ఆపేసిన సంగతి ఇది: దారాలు మార్చింది నేనే. రాయడానికి చెయ్యి రాలేదు. మంచినీళ్ళ పడవ వచ్చిందని వంక పెట్టుకుని లేచిపోయాను. ఇవాళ పడవ రాదు. రాసేస్తాను.

సాయంత్రం స్నానాలయ్యాక నేనూ నాన్నా చెవులకున్న పూసలు తీసి బియ్యం పళ్ళెంలో పెడతాం. ఉప్పుగాలికి చెమ్మ చేరితే పూస పాడవుతుంది. బియ్యం ఆ చెమ్మని లాగేస్తుందట. సముద్రపు కట్ట మీద ఇళ్ళన్నిటిలో ఇదే అలవాటు. పూసలన్నీ ఒకేలా ఉంటాయి, బఠాణీ గింజంత, బూడిద రంగులో. ఎవరిదేదో తెలియడానికి దారం కడతాం. నాది పసుపు, నాన్నది నీలం. పూస లోపల మన నంబరు ఉంటుంది గానీ అది పూసలిచ్చే సెంటర్లో మెషీనుకే కనపడుతుంది. మనకి కనపడేది దారమే.

రెండో రోజు సాయంత్రం అమ్మ పెరట్లో రొయ్యలు ఆరబెడుతుంటే పసుపు దారం విప్పి నాన్న పూసకి కట్టాను. నీలం దారం నా పూసకి కట్టాను. రెండు నిమిషాల పని. మామూలుగా నేను మొదలుపెట్టిన పని ఏదీ పూర్తి చెయ్యను. ఇది మాత్రం చేశాను.

పదహారు నిండితే ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఒక పని రాస్తారు. దానికి ముందు పద్నాలుగు రోజులు చెవికి పూస పెట్టుకోవాలి. మనసు దేని మీద ఉంది, ఎంతసేపుంది, ఎప్పుడు జారిపోయింది, అంతా అది రాసుకుంటుంది. నిలకడగా ఉంటే పచ్చ చీటీ వస్తుంది. లేకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ వస్తే ఏడీహెచ్‌డీ ఉందేమో చూడటానికి డాక్టరు పిలుస్తారు. మా స్కూల్లో దాన్ని అంత పెద్ద పేరుతో ఎవరూ అనరు. చెదురు అంటారు. నిరుడు మా క్లాసులో ప్రణతికి ఎర్ర చీటీ వచ్చింది. అప్పట్నుంచి ఆమె పెన్ను కింద పడినా "చెదురూ, నీ పెన్ను" అంటారు. నేనూ అన్నాను. రెండుసార్లు. గట్టిగానే అన్నాను, అందరికీ వినపడాలని.

నాకు ఏ రంగు వస్తుందో నాకు ముందే తెలుసు. పోయిన నెల మంచినీళ్ళ కుళాయి తిప్పి, నిండేలోగా ఒక్క నిమిషం అనుకుని లోపలికెళ్ళాను. వచ్చేసరికి రెండు రోజుల నీళ్ళు సముద్రంలో కలిశాయి. అమ్మ తిట్టలేదు. బిందె బోర్లించి దాని మీద కూర్చుంది. నేను హోంవర్కు చేతి మీద రాసుకుంటాను, మోచేతి పైన, ఎవరికీ కనపడకుండా. ప్రతి పేపర్నీ అయిదుసార్లు సరిచూసుకుంటాను. అయినా ఒక పేజీ మొత్తం వదిలేసి వస్తాను. క్లాసులో కదలకుండా కూర్చుంటాను కాబట్టి ఎవరికీ తెలియదు. కదలకుండా కూర్చోవడమే నాకు పెద్ద పని. ఆ పనిలో ఉంటే పాఠం వినపడదు.

నాన్న సంగతి వేరు. నాన్న నాలుగో లాకు లస్కరు, పగటి డ్యూటీ. పోటప్పుడు సముద్రం మా ఊరికంటే ఎత్తుకి లేస్తుంది. పోటు వచ్చేటప్పుడు లాకు తలుపులు దించాలి, పోటు తగ్గేటప్పుడు ఎత్తి కాలవ నీళ్ళు బయటికి వదలాలి. ఒక్కసారి తప్పితే ఊళ్ళోకి మోకాల్లోతు ఉప్పునీళ్ళు. మునుపు సెన్సార్లు పెట్టారట. వాటిని ఉప్పు తినేసింది. "లస్కర్ని ఇంకా తినలేదు, అదీ మన అదృష్టం" అంటాడు నాన్న. పదకొండేళ్ళలో ఆయన ఒక్క పోటు తప్పలేదు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు పూసలు లేవు. ఈ ఏడాదే పాత లస్కర్లకీ పెట్టమన్నారు.

అంత నిలకడైన మనిషి చెవికి నా పూస తగిలిస్తే నాకు పచ్చ చీటీ వస్తుందనుకున్నాను. మరి నాన్న పూస నా చెవికి ఉంటే నాన్నకేం వస్తుంది? అది ఆలోచించలేదు. నిజంగా అక్కడిదాకా వెళ్ళలేదు. ఈ మాట ఎవరికైనా చెబితే నమ్మరు.

పన్నెండో రోజు

పాత పోటు పట్టికల వెనకవైపు రాస్తున్నాను. స్క్రీన్ మీద రాస్తే స్కూలు చదువుతుంది. తెలుగులో రాసేదీ అందుకే, మా క్లాసులో తెలుగు చదవగలిగేవాళ్ళు ముగ్గురే. తప్పులుంటే ఉండనీ.

మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళాను. నాన్న లాకు చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ కూర్చోడు. ఎడమ మణికట్టుకి ఒక తాడు, ఆ తాడు రెండో కొసకి నీళ్ళలో ఒక బెండు. నీరు పెరిగితే బెండు లేస్తుంది, తాడు చేతిని లాగుతుంది.

"ఏంటమ్మలూ, ఇంతసేపు?"

"మర్చిపోయి స్కూలు దాకా వెళ్ళిపోయాను నాన్నా."

"క్యారేజీతోనా?" నాన్న నవ్వాడు. "పర్లేదులే. నేనోసారి లాకు తాళాలు జేబులో ఏసుకుని పెళ్ళికెళ్ళిపోయాను."

"ఎవరి పెళ్ళికి?"

"అదే గుర్తులేదు."

పక్క లాకు లస్కరు దాలయ్య మామ గట్టు మీద బీడీ కాల్చుకుంటున్నాడు. "మీ నాన్నని చూసేవా, గేదెకి మల్లే కట్టేసుకున్నాడు" అన్నాడు.

"కట్టేసిన గేదె ఎక్కడికీ పోదు గదరా" అన్నాడు నాన్న.

"పాలు కూడా ఇవ్వదు."

అంతలో తాడు లాగింది. నాన్న నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, బయటికే లెక్కపెడుతూ. మొత్తం ముప్ఫై ఆరు చుట్లు. మధ్యలో దాలయ్య మామ ఏదో అడిగితే జవాబు చెప్పలేదు, లెక్క ఇంకా గట్టిగా చదివాడు. నేను ఆయన చెవి వైపే చూస్తున్నాను. నీలం దారం చెమటకి తడిసిపోయింది. ఆ పూస లోపల నా నంబరు.

ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. ఇంకా రెండు రోజులే కదా అనుకున్నాను.

పదహారో రోజు

పద్నాలుగో రోజు సాయంత్రం పూసలు సెంటర్లో ఇచ్చేశాం. ఇవాళ చీటీలు వచ్చాయి. రెండూ ఎరుపే.

నా చీటీలో పద్దెనిమిదో రోజు పొద్దున తండ్రితో కలిసి డాక్టర్ ఎస్తేరుగారి దగ్గరికి రావాలని ఉంది. నాన్న చీటీలో అదే రోజు, అదే టైము. దాని కింద ఇంకో వాక్యం: 'పరిశీలన ముగిసేవరకు లాకు తాళాలు దాలయ్యకు అప్పగించవలెను.'

నాన్న ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత తాళాల గుత్తి తీసుకుని వెళ్ళాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు.

ఇరవయ్యో రోజు అమావాస్య. ఏడాదిలోకెల్లా పెద్ద పోటు. ఆ పోటుకి తాళాలు ఎవరి చేతిలో ఉంటే ఏడాదంతా ఆ లాకు వాళ్ళదే. ఇది కాగితం మీద ఎక్కడా లేదు, కానీ మా కట్ట మీద ఎవరూ దీన్ని దాటరు. లాకుల కమిటీ కూడా.

సాయంత్రం దాకా ఒకే లెక్క చేశాను. నాన్న పేరున ఉన్న పూస నా చెవికి ఉంది. అది ఎర్రగా వచ్చిందంటే అది నేను. నా బుర్రే నాన్న తాళాలు లాక్కుంది. సరే, అది తెలుస్తూనే ఉంది. కానీ నా పేరున ఉన్న పూస నాన్న చెవికి ఉంది కదా. మరి అది ఎందుకు ఎర్రగా వచ్చింది?

మొదట మెషీను పాడైందనుకున్నాను. తర్వాత ఆ తాడు, ఆ పైకి లెక్కపెట్టడం, ఎవరి పెళ్ళో గుర్తులేకపోవడం. పన్నెండో రోజు అవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వాటిని చూసి నిలకడ అనుకున్నాను.

అంటే నేను నోరు విప్పినా నాన్న పూస పచ్చగా మారదు. నిజం చెప్పి ఏం లాభమని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట దొరకగానే మనసు తేలికపడింది. తేలికపడినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పదిహేడో రోజు

నాన్న ఇంట్లో ఉన్నాడు. రొయ్యలు ఒలవడం మొదలుపెట్టి, చాకు పదును లేదని లేచి, చాకు నూరుతూ కిటికీ రెక్క ఊగుతోందని చూసి, దాన్ని బిగించడానికి మేకు వెతకడానికి వెళ్ళాడు. రొయ్యలు పిల్లి తినేసింది.

"ఈ మనిషి ఇంకో రెండ్రోజులు ఇంట్లో ఉన్నాడంటే నాకొత్తాది ఎర్ర చీటీ" అంది అమ్మ.

"నీకు రాదే సత్యవేణీ. నువ్వు ఇరవయ్యేళ్ళుగా ఒకే తిట్టు తిడతన్నావు. నిలకడంటే నీదే."

అమ్మ నవ్వు ఆపుకుని అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖం మారిపోయింది. "పదకొండేళ్ళు చేసేవు. ఒక్క చుక్క రానివ్వలేదు. ఎవుడో పూస చూసి కాదంటే కాకుండా పోద్దా?"

నాన్న మణికట్టు మీద తాడు ఒరిసిన చోట చర్మం తెల్లగా ఉంది. అక్కడే రుద్దుకుంటున్నాడు.

నేను గదిలోకొచ్చి తలుపేసుకున్నాను.

పద్దెనిమిదో రోజు

డాక్టర్ ఎస్తేరుగారు మెట్ట నుంచి నెలకోసారి పడవలో వస్తారు. జుట్టంతా తెలుపు, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. ఎర్ర చీటీలు రెండూ తీసుకుని కళ్ళద్దాల డబ్బా కింద పెట్టేశారు.

"పూస చెప్పిందల్లా జబ్బు కాదు" అన్నారు. "నిద్ర చాలకపోయినా ఎరుపొస్తుంది. చెవి సరిగ్గా వినపడకపోయినా, థైరాయిడ్ ఉన్నా, ఇంట్లో ఏదైనా బెంగ ఉన్నా వస్తుంది. ఒక మెషీనో, ఒక రక్తపరీక్షో పెట్టి దీన్ని తేల్చలేం. మనిషిని అడగాలి, మనిషిని ఎరిగినవాళ్ళని అడగాలి. అందుకే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాను."

ముందు నన్ను అడిగారు. ఎన్నింటికి పడుకుంటావు. మధ్యలో మెలకువ వస్తుందా. భయంగా ఉంటుందా. ఉంటుందన్నాను. దేనికి అని అడిగితే చెప్పలేదు. వెనక నిలబడి చెవిలో గుసగుసగా మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నారు. తర్వాత ఫ్లోరా మిస్ పంపిన ఫారం చదివారు: 'నెమ్మదస్తురాలు. ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఒక్కోసారి క్లాసులో ఉన్నట్టు ఉండదు.'

"ఇలాంటి ఆడపిల్లల్ని ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు" అన్నారు డాక్టరుగారు. "బెంచీలు దూకేవాళ్ళనే నా దగ్గరికి పంపుతారు." ఇంత లావు ఫైలు తెరిచి నాన్న వైపు తిరిగారు. "నూకరాజుగారూ, ఇది నిన్న మొన్న మొదలైందా, చిన్నప్పట్నుంచీ ఉందా అన్నది నాకు ముఖ్యం. పన్నెండేళ్ళ లోపు అమ్మాయి ఎలా ఉండేది?"

"మామూలేనండి. అందరి పిల్లల్లాగేనండి."

"అంటే?"

"అంటే, ఒక కాలికే చెప్పేసుకుని స్కూలుకెళ్ళిపోడం. మనం చెప్తంటే కిటికీలోకి చూడ్డం. సగం తిని లేచిపోడం, మిగతా సగం ఎక్కడెట్టిందో మర్చిపోడం. అదేం రోగం కాదండి. నేనూ అంతేనండి."

"మీరూ అంతేనా?"

"ఆయ్. బళ్ళో నా పలకలు ఎన్ని పోయాయో లెక్కలేదండి. ఇప్పటికీ అంతేనండి. ఆ తాడు కట్టుకోబట్టి గానీ..."

అక్కడ ఆగిపోయాడు. నన్ను కాపాడటానికి మొదలుపెట్టి తన సంగతే బయటపెట్టుకున్నాడని అప్పుడు ఆయనకే తెలిసింది. డాక్టరుగారు తొందరపెట్టలేదు. తాడు సంగతి చెప్పమన్నారు. బెండు ఎంత, ముడి ఎలా వేస్తారు, లెక్క పైకి ఎందుకు చదువుతారు, అన్నీ అడిగారు. నాన్న చెబుతుంటే ఆవిడ రాసుకున్నారు. నాన్న పని గురించి ఎవరైనా అంత శ్రద్ధగా అడగడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న కూడా చూడలేదేమో, చివరికి చేతులతో చక్రం తిప్పి మరీ చూపించాడు.

అప్పుడు డాక్టరుగారు రెండు పొడుగాటి కాగితాలు బల్ల మీద పరిచారు.

"పూస చుట్టూ వినపడేది కూడా రాసుకుంటుంది. ఇది నూకరాజుగారి పూస. మూడో రోజు నుంచి ఇది ఎనిమిదిన్నరకి కుర్చీలో కూర్చుంది, గంటగంటకీ బెల్లు విన్నది, మూడున్నరకి ఇంటికెళ్ళింది." ఆవిడ వేలు రెండో కాగితం మీదకి జరిగింది. "ఇది అమ్మాయిది. మూడో రోజు నుంచి రోజుకి రెండుసార్లు ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా లెక్కపెట్టింది. మగ గొంతుతో."

ఆవిడ వేలు ఎత్తి మా ఇద్దర్నీ చూశారు.

"ఎవరు మార్చారు?"

నాన్న నా వైపు చూశాడు. ఒక్కసారే. నా ముఖంలో అంతా కనిపించే ఉంటుంది.

"నేనేనండి" అన్నాడు.

"ఎందుకు?"

"ఉద్యోగం పోద్దని బయ్యవేసిందండి."

డాక్టరుగారు పెన్ను మూత పెట్టేశారు. "మీకు ఏడీహెచ్‌డీ ఉందనే నాకనిపిస్తోంది. ఇంకా మీ ఆవిడతో మాట్లాడాలి. ఉన్నంతమాత్రాన లాకు చూసుకోలేరని కాదు. తాడుతో, లెక్కతో పదకొండేళ్ళు పోటు తప్పకుండా చూసుకున్నారు. తాళాలు ఇయ్యొచ్చని నేనే రాసి సంతకం పెడదామనుకున్నాను. కానీ పూస మార్చిన లస్కరుకి కమిటీ మళ్ళీ తాళాలివ్వదు. అది జబ్బు సంగతి కాదు, మోసం సంగతి. తెలుసుగా?"

"తెల్సండి."

"అమ్మాయి మార్చి ఉంటే అది వేరు. పదహారేళ్ళ పిల్ల, మళ్ళీ పద్నాలుగు రోజులు పూస పెట్టుకుంటుంది. కట్ట మీద మైకులో పేరు చదువుతారు. అంతే." ఆవిడ నన్ను చూడకుండా, కిటికీ వైపు చూస్తూ అన్నారు. "ఎల్లుండి అమావాస్య. రేపు మీ ఇంటికొచ్చి మీ ఆవిడతో మాట్లాడి, నాలుగింటి పడవెక్కేలోగా రిపోర్టు కమిటీకి ఇచ్చేస్తాను."

నేను బల్ల అంచు మీద గాట్లు లెక్కపెట్టాను. పదిహేడున్నాయి. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. నోరు తెరవలేదు.

ఇంటికొస్తుంటే నాన్నే మాట్లాడాడు. "నీకు పదహారు, అమ్మలూ. మైకులో నీ పేరు ఇన్నావంటే బతికినన్నాళ్ళూ చెవిలో ఉండిపోద్ది. నాకైతే అరగంటకి మర్చిపోతాను."

"నాన్నా, నేను..."

"ఏటి ఆ పిట్ట? కొత్త రకంలా ఉందే" అంటూ గట్టు దిగి వెళ్ళిపోయాడు. అక్కడ పిట్టేమీ లేదు.

పంతొమ్మిదో రోజు

స్కూలుకి వెళ్ళలేదు. కడుపునొప్పి అన్నాను.

పూసలు తనే మార్చానని నాన్న రాత్రి అమ్మకీ చెప్పాడు. అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇవాళ పొద్దున అన్నం కంచం పెట్టింది, నీళ్ళు పెట్టలేదు. "చెదురుంటే ఉంది, దాన్తోనే పెళ్ళి చేసుకున్నాను, దాన్తోనే కాపరం చేసేను" అంది గోడకేసి చూస్తూ. "మోసం చేత్తావని మాత్రం అనుకోలేదు. పిల్ల పేరు కూడా పాడు చేసేవు." నాన్న కంచం ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి తిన్నాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆయన తినడం పూర్తి చేశాడు. ఎప్పుడూ సగంలో లేచిపోయే మనిషి, ఇవాళ మెతుకు మిగల్చకుండా తిన్నాడు, ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేనట్టు.

పదింటికి దాలయ్య మామ వచ్చాడు. నాలుగో లాకు చక్రం ఎన్ని చుట్లకి పట్టేస్తుందో అడిగి తెలుసుకోవడానికి. ఇవాళ ఎగతాళి చెయ్యలేదు. అదింకా బాధగా ఉంది. నాన్న బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాడు. ఇరవయ్యో చుట్టు దగ్గర కొంచెం వెనక్కి తిప్పాలట, లేకపోతే పళ్ళు జారిపోతాయట. "తాడు కట్టుకో ఒరే, రేపొక్కరోజైనా" అన్నాడు. "నాకెందుకు బావా, నాకేం చెదురా" అన్నాడు దాలయ్య మామ. అనేసి తల దించుకున్నాడు. నాన్న బొమ్మ చెరిపేశాడు.

నేను ఇప్పటిదాకా సిగ్గు అంటే బుర్ర ఇలా ఉండటమే అనుకున్నాను. కుళాయి వదిలేయడం, పేజీ వదిలేయడం, ప్రణతిలా ఉండటం. అది సిగ్గే కాదు. నిన్న ఆ గదిలో నోరు తెరవడానికి నాకు దండిగా టైముంది. నా మనసు ఎక్కడికీ పోలేదు. కిటికీలోకి పోలేదు, పిట్టల మీదికి పోలేదు. పూస ఉంటే నిన్న నాకు పచ్చే వచ్చేది. అంత నిలకడగా కూర్చుని మా నాన్న చేత అబద్ధం ఆడించాను.

మైకు సంగతి తలచుకోకుండా ఉండలేకపోతున్నాను. పేరు చదివేటప్పుడు తండ్రి పేరూ ఇంటి నంబరూ కలిపి చదువుతారు. ఫ్లోరా మిస్ వింటుంది. ప్రణతి వింటుంది. ప్రణతి నన్నేమీ అనకపోతే అప్పుడేం చెయ్యాలో నాకు తెలియదు.

మూడున్నర అయింది. డాక్టరుగారు వసారాలో అమ్మతో మాట్లాడుతున్నారు. పెళ్ళైన కొత్తలో ఈయన ఎలా ఉండేవారు అని అడుగుతున్నారు. అమ్మ మొదట ముభావంగా చెప్పింది, ఇప్పుడు ఆపకుండా చెబుతోంది. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వారు. నాన్న గొంతు వినపడటం లేదు. నాలుగింటికి పడవ.

ఈ కాగితాలు ఆవిడ చేతిలో పెట్టేస్తే సరిపోతుందని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. నేను మాట్లాడక్కర్లేదు, ఆవిడే చదువుకుంటారు. కానీ నాన్న పక్కనే ఉంటాడు. మా అమ్మాయికి కథలు రాయడం అలవాటండి, నామీద ప్రేమ కొద్దీ రాసిందండి అనేస్తాడు. ఆ మాట నమ్మేలాగే అంటాడు. అప్పుడు నాకు మళ్ళీ ఇంకో దారి దొరుకుతుంది, నేను మళ్ళీ దాని మీద నడిచిపోతాను. కాబట్టి కాగితం కుదరదు. ఆయన కళ్ళలోకి చూడకుండా, ఆవిణ్ణి చూస్తూ, నోటితో

తలుపు కొడుతున్నారు.

అమ్మ కొట్టదు, సరాసరి వచ్చేస్తుంది. నాన్నైతే ఒకసారి కొట్టి, ఎందుకొచ్చాడో మర్చిపోయి వెళ్ళిపోతాడు. ఇది డాక్టరుగారే, కొట్టి, ఆగి, మళ్ళీ నెమ్మదిగా కొడుతున్నారు.

వీటిని చాప కింద తోసేస్తున్నాను. చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాలి.